అవతలి డాబా మీద తువ్వాలు

ఒకప్పుడు పొద్దున్న లేచి ముఖం కడుక్కోగానే చిన్నకోడలు టీ గ్లాసు పట్టుకుని వీధి గుమ్మంలో కూర్చునేది. ఎదురింటి గుమ్మంలో అప్పటికే పెద్దకోడలు తన గ్లాసుతో సిద్ధంగా ఉండేది. మాటలు వీధి మీదుగా అటూ ఇటూ పోయేవి. మధ్యలో పాలబండి పోయినా, బడిపిల్లల ఆటో పోయినా మాట తెగేది కాదు. కాసేపు ఆగి, ఆగిన చోటే మళ్ళీ అందుకునేది. "ఈ సైకిళ్ళవాళ్ళు మన ఇంటి గుట్టంతా మోసుకుపోయి ఊళ్ళో పంచుతున్నారే" అని పెద్దకోడలే నవ్వేది. గొంతు మాత్రం తగ్గించేది కాదు.

ఇప్పుడు చిన్నకోడలు గ్లాసు పట్టుకుని డాబా ఎక్కుతోంది. తలుపు తెరిస్తే ఎదురుగా రోడ్డు పనివాళ్ళు నిలబెట్టిన రేకు. మెట్టుకీ రేకుకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. కాస్త ఆకాశం కావాలన్నా, అవతలి వైపు కావాలన్నా డాబా ఎక్కాల్సిందే. పిట్టగోడ మీద వేలితో రాస్తే అక్షరం పడేంత దుమ్ము. దానికి చెయ్యి ఆనించకుండా నిలబడి, రేకుల పైనుంచి, గోతుల పైనుంచి, క్రేను మెడ కింద నుంచి అవతలి డాబా వైపు చూస్తుంది.

తీగ మీద నారింజరంగు తువ్వాలు ఉంటుంది.

ఆ తువ్వాలు ఆరేసే మనిషి పోయి నెలలు గడిచాయి. తువ్వాలు మాత్రం ఏ రోజుకారోజు ఎవరో దులిపి, అంచులు సరిచేసి ఆరేసినట్టే ఉంటోంది. దాన్ని చూశాక చిన్నకోడలికి టీ గొంతు దిగదు. అలాగని చూడకుండా ఉండనూలేదు.

అత్తగారు కాలం చేసి ఏళ్ళు గడిచినా వీధిలో వాళ్ళిద్దరి పేర్లూ ఎవరికీ పట్టలేదు. పెద్దకోడలు, చిన్నకోడలు, అంతే. అన్నదమ్ముల భార్యలు. మామగారు కట్టిన ఇల్లు తమ్ముడికి వచ్చింది. ఎదురుగా, ముందు గదిలో మోటార్ల షాపు ఉన్న ఇల్లు అన్నకి వచ్చింది. వాటాలు వేసుకున్న రోజు మగవాళ్ళు ముందు గదిలో ముఖాలు ముడుచుకుని కూర్చుంటే, వంటింట్లో పెద్దకోడలు చిన్నదాని చెవి దగ్గరికి వచ్చి అంది.

"వాళ్ళు ఇళ్ళు పంచుకుంటున్నారే. పంచుకోనీ. వీధి మనిద్దరిదీ."

ఇద్దరికీ పిల్లలు కలగలేదు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తని పూట లేదు. ఒక్కతే అయితే ఆ మాటలకి నలిగి పిండైపోయేది. ఇద్దరు కాబట్టి చెరిసగం పడ్డారు. అదీ సరిసమానం కాదు. చిన్నదాని వంతు వచ్చినప్పుడల్లా వంటింట్లో పెద్దదాని చేతిలోంచి ఏదో ఒక గిన్నె జారేది. అత్తగారి కోపం గిన్నె మీదికి, అక్కడి నుంచి పెద్దకోడలి చేతుల మీదికి మళ్ళేది. "ఈ మహాతల్లి చేతులకి వెన్న రాసి పంపారు పుట్టింటివాళ్ళు" అని తిడుతుంటే, పెద్దకోడలు తల వంచుకుని, చిన్నదానికి మాత్రం కనపడేలా ఒక కన్ను మూసేది. ఇప్పటికీ చిన్నకోడలి వంటింట్లో సొట్టలేని గిన్నె ఒక్కటి కనపడదు.

ఆ వీధి మధ్యలోంచి లైట్ రైలు వెళ్తుందని చెప్పినప్పుడు అందరికన్నా ముందు నవ్వింది కూడా పెద్దకోడలే. "లైటంటే తేలికనే కదా? రైలు తేలికగానే ఉంటుందిలే. బరువంతా మనకి వదిలేసి పోతుంది" అంది. ముందు మూడుకాళ్ళ దుర్బిణీ పట్టుకుని కొలతలవాళ్ళు వచ్చారు. తర్వాత చెట్లకి సున్నం గీతలు పడ్డాయి. ఆ తర్వాత ఒక పొద్దున్న, టీ తాగుతుండగానే, లారీలోంచి రేకులు దించి వీధికి నిలువునా గోడలా నిలబెట్టుకుంటూ పోయారు. రెండు గుమ్మాల మధ్యకి వచ్చేసరికి పెద్దకోడలు గ్లాసు పైకెత్తి ఏదో అంది. చిన్నకోడలు "ఏంటక్కా?" అనేలోపు రేకు నిలబడింది. ఏమందో తర్వాత అడిగితే, "ఏమో, గుర్తులేదు, చక్కెర తక్కువైందని ఉంటాను" అంది.

అప్పటి నుంచి అవతలికి వెళ్ళాలంటే వీధి చివర మందుల షాపు దాకా నడవాలి. అక్కడ రేకుల మధ్య వదిలిన దారిలో, ఎర్రజెండా పట్టుకుని నిలబడే మనిషి సరేనన్నాక దాటాలి. మళ్ళీ అంత దూరం అవతలి వైపు వెనక్కి రావాలి. టీ చల్లారేలోపు ఆ ఇంటికి వెళ్ళి ఈ ఇంటికి వచ్చిన మనుషులు, ఇప్పుడు వెళ్ళాలంటే చెప్పులు వెతుక్కుని, గొడుగు వెతుక్కుని, ఇంటికి తాళం వేసి బయల్దేరాల్సి వచ్చింది. పైగా చిన్నకోడలి కుడి మోకాలు ఎప్పటి నుంచో పేచీ పెడుతోంది.

రేకులు వేసిన కొత్తలో పెద్దకోడలికి జ్వరం వచ్చింది. ఇవతల చిన్నదానికి తెలియనే లేదు. తెలిసి, చుట్టూ తిరిగి రొప్పుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"చూడ్డానికొచ్చావా, మోయడానికొచ్చావా?"

"అవేం మాటలక్కా! ఒక్క ఫోను చేస్తే ఏం పోయింది?"

"చేశాను కదే. నేను జ్వరం అంటే నువ్వు బజారంటావ్. నేను మందులంటే నువ్వు సందులంటావ్. ఆ ఫోన్లో నీ గొంతు కన్నా రోడ్డు గొంతే ఎక్కువ వినపడుతోంది."

నిజమే. పగలంతా రోడ్డు పగలగొట్టే మిషను మోత. కిటికీలు మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కినా మోత గోడల్లోంచి వచ్చేది. అల్మారాలో గ్లాసులు వాటంతటవే కబుర్లు చెప్పుకునేవి. పక్క గదిలో ఉన్న మనిషి కూడా మాట చెప్పాలంటే గుమ్మంలోకి వచ్చి నోరు పెద్దగా కదిపి చెప్పేవాడు.

పెద్దకోడలు దువ్వెన పక్కన పెట్టి, ఏదో పెద్ద కుట్ర చేస్తున్నట్టు గొంతు తగ్గించింది.

"ఇటు విను పిల్లా. రోజూ పొద్దున్నే నేను డాబా మీద తువ్వాలు ఆరేస్తా. అది ఉందంటే నేను బాగున్నట్టు. నువ్వు కాళ్ళీడ్చుకుంటూ రానక్కర్లేదు. తీగ ఖాళీగా ఉంటే రా."

"అదేం తిరకాసక్కా? బాగోనప్పుడు కదా ఆరేయాల్సింది?"

"ఓసి పిచ్చిదానా, బాగోనిదాన్ని మెట్లెక్కి తువ్వాలు ఆరేస్తానా?"

చిన్నకోడలు ఆలోచించి చూస్తే అదీ సబబే అనిపించింది.

"సాయంత్రం మాత్రం మర్చిపోకుండా తీసెయ్యాలి" అంది పెద్దకోడలు. "తీయకపోతే అది నిన్నటి బాగు. ఇవాళ్టిది కాదు."

"బావగారికి చెప్పావా?"

"మగాళ్ళకి చెబితే ఇంకేముంది, జన్మంతా ఎగతాళి చేస్తారు. ఇది మనిద్దరిదీ."

పెద్దకోడలు తన కోసం నారింజరంగు తువ్వాలు ఏరి కొనుక్కుంది. అచ్చం రోడ్డు పనివాళ్ళు వేసుకునే కోటు రంగు. "అంత లావు క్రేను పక్కన వాళ్ళే కనపడుతుంటే నేను కనపడనా?" అంది. చిన్నదానికి చిలకపచ్చది కొనిపెట్టింది. అలా ఆ రెండు డాబాలూ పొద్దున్నే ఒకదాన్నొకటి పలకరించుకోవడం మొదలుపెట్టాయి.

ఒక పొద్దున్న చిన్నకోడలికి మెలకువ రాలేదు. వాకిలి దబదబా బాదుతుంటే లేచి తలుపు తీసింది. ఎదురుగా పెద్దకోడలు. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకో జత చెప్పు.

"ఛస్తే కబురైనా చెయ్యవే నువ్వు!"

"నిద్రపట్టేసిందక్కా..."

"నిద్రపోయే ముందు ఆరేసి పోవాల్సింది! దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను. ఆ జెండావాడు ఆగమంటే వాడి జెండా లాక్కుని వచ్చాను."

నిజంగానే చేతిలో ఎర్రజెండా ఉంది.

రొట్టెల ఫ్యాక్టరీ వ్యాను నడిపే చిన్నకోడలి మొగుడు అప్పుడే పనికి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకుంటున్నాడు. "ఏంటి వదినా, పొద్దున్నే జెండా ఊపుతున్నారు?"

"ఏం లేదు మరిదిగారూ. మీ ఆవిడ తువ్వాలు ఆరేయలేదు."

"తువ్వాలు ఆరేయకపోతే ఇంతదూరం వచ్చి పంచాయితీ పెడతారా!"

"మీకు తెలీదులెండి, చాలా పెద్ద నేరం" అని పెద్దకోడలు మెట్టు మీద కూలబడింది. ముందు చిన్నది నవ్వింది. తర్వాత ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. జెండా తిరిగిచ్చి రావడానికి మరిది వెళ్ళాడు.

పెద్దకోడలు పోయిన రోజు పొద్దున్న తీగ మీద తువ్వాలు ఉంది.

ఎప్పటికన్నా నీటుగా ఉంది. రెండు వైపులా క్లిప్పులు. మడత లేదు, వేలాడడం లేదు. గాలికి అంచు కూడా కదలనంత బిగుతు. చిన్నకోడలు దాన్ని చూసి, "ఇవాళ అక్కయ్య మంచి హుషారులో ఉంది" అనుకుని టీ గ్లాసు దానివైపు ఎత్తి, కిందికి దిగి వంట మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్న ఫోను చేస్తే తమ్ముడు ఎక్కడో వ్యాను వదిలేసి వచ్చాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ మందుల షాపు చుట్టూ పరిగెత్తారు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. గుండె అన్నారు. పొద్దుటి నుంచే నలతగా ఉండి ఉంటుందన్నారు.

పొద్దుటి నుంచే. ఆ మాట దగ్గరే చిన్నకోడలు ఆగిపోయింది.

నలతగా ఉన్న మనిషి తువ్వాలు ఎలా ఆరేసింది? చెల్లెలి మోకాలు గుర్తొచ్చి, దాన్ని ఎందుకు ఇంతదూరం నడిపించడమని, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి, క్లిప్పులు పెట్టి మరీ అబద్ధం ఆరేసి వచ్చిందా? గిన్నెలు జారవిడిచిన మనిషి. అంత పనీ చేయగలదు. చిన్నదాని వంతు దెబ్బ మళ్ళీ తనే కాచుకుని పోయిందా? అదే నిజమైతే, "నేను బాగున్నా" అని చెప్పి మోసం చేసి పోయిన మనిషి కోసం ఏడవాలో, ఆ మనిషి మీద కోపం పెట్టుకోవాలో చిన్నకోడలికి తేలలేదు. రాత్రీ పగలూ అదే తొలుస్తూ ఉండేది. అక్క నాతో అబద్ధం చెప్పిందా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలనుకుంది.

చెప్పగలిగింది బావగారు ఒక్కరే. ఆయన్ని అడగడమే అయ్యే పని కాదు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి బావగారితో చిన్నకోడలు మాట్లాడినవన్నీ గుమ్మం పక్కన నిలబడి, తలుపు రెక్కతో మాట్లాడినట్టు మాట్లాడినవే. కావలసినదేదైనా అక్క నోటితోనే అటు వెళ్ళేది, అక్క నోటితోనే ఇటు వచ్చేది. ఇప్పుడు ఆ దారీ మూసుకుపోయింది.

రోజూ వండినది క్యారేజీలో సర్ది తీసుకెళ్తుంది. షాపు బల్ల మీద పెట్టి, నిన్నటి ఖాళీ క్యారేజీ తీసుకుంటుంది.

"ఎందుకమ్మా నీకు శ్రమ" అంటారాయన.

"శ్రమేం లేదు బావగారూ" అంటుంది.

అంతటితో ఆ పూట మాటలు అయిపోతాయి. ఆయన మళ్ళీ మోటారు మీదికి వంగుతారు. కాలిపోయిన మోటార్లకి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం ఆయన పని. రేకులు వేశాక మోటారు మోసుకుని లోపలికి వచ్చేవాడే లేడు. అయినా ఆయన చేతిలో ఎప్పుడూ ఒక మోటారు ఉంటోంది. తీగ చుట్టి, సరిచూసి, మర్నాటికి విప్పేస్తున్నారు. అదే మోటారు, అదే తీగ. వంకరలు పోయి తీగ జుట్టులా చిక్కుపడింది. చిన్నకోడలు చూసింది కానీ ఎవరిదని అడగలేదు.

"అన్నయ్యని ఇక్కడికి తెచ్చేసుకుంటే నీకీ తిరుగుడు తప్పుతుంది" అంటాడు మొగుడు. అన్నని అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అనే జవాబే వచ్చింది. ఆ ఇంటికి తాళం పడితే అవతలి డాబా ఏమవుతుందో చిన్నకోడలు ఊహించుకోలేకపోయింది. తువ్వాలు ఉన్నా ప్రాణం పోతోంది. లేకపోతే?

ఒక రోజు దాటే చోట జెండా మనిషి ఆమెని చూసి నవ్వాడు. "రండి పిన్నిగారూ. మీరొక్కరే రోజూ రెండుసార్లు దాటేది. రైలు వచ్చాక మొదటి టిక్కెట్టు మీకే ఇప్పిస్తా."

"ఈ రేకులు ఎప్పుడు పోతాయి బాబూ?"

"రోజులు దగ్గర పడ్డాయి! పట్టాలు పడ్డాయిగా! రేకులు తీసేస్తారు, తర్వాత కంచె..." వెనకాల మిషను మొదలైంది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టి అరిచాడు. ఆమె తలూపి, నెలల తర్వాత మొదటిసారి కాస్త తేలిగ్గా ఇంటికి వచ్చింది. సాయంత్రం మొగుడితో చెప్పింది.

"రేకులు తీసేస్తారట. కంచె కూడా తీసేస్తారట."

అతను ముఖం తుడుచుకుంటూ ఆగాడు. "లేని కంచె ఎలా తీస్తారే? వేసేస్తారని ఉంటాడు. రేకులు తీసేస్తారు, కంచె వేసేస్తారు. ఇనప కంచె, నడుం ఎత్తున, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. పట్టాల మీదికి ఎవరూ రాకుండా."

"మరి దారో?"

"మందుల షాపు దగ్గరొకటి, స్టేషను దగ్గరొకటి."

"మన గుమ్మం దగ్గర?"

"మన గుమ్మానికి అంత సీనేముంది?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

రేకులు ఎంత ఊపిరాడనివ్వకపోయినా, ఎప్పటికో ఒకప్పటికి పోయేవే కదా అని ఇన్నాళ్ళూ గుండె చిక్కబట్టుకుంది. కంచె పోయేది కాదు. అవతలి గుమ్మం కళ్ళెదురుగా కనపడుతూనే ఉంటుంది. వెళ్ళాలంటే మాత్రం ఇదే తిరుగుడు, ఉన్నంతకాలం. ఆ సాయంత్రం ఆమె తన చిలకపచ్చ తువ్వాలు తీసి, దులిపి, మడత పెట్టింది. అవతల చూసేవాళ్ళు లేరని తెలుసు. అయినా పొద్దున్నే ఆరేస్తోంది, సాయంత్రం తీస్తోంది. మానేస్తే ఏమవుతుందో ఆమెకే తెలీదు.

మర్నాడు క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి బావగారు బల్ల దగ్గర కాకుండా గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. కాలు ఖాళీ వార్నిష్ డబ్బా మీద ఉంది. చీలమండ చుట్టూ కట్టు.

చిన్నకోడలు గుమ్మం సంగతి మరిచిపోయి లోపలికి వచ్చేసింది. "ఏమైంది బావగారూ?"

"ఏం లేదమ్మా. గోతి మీద వేసిన చెక్క కదిలింది. నేనూ కదిలాను." ఆయన జోకు వేయడం ఆమె ఎప్పుడూ వినలేదు. అది అక్క మాట తీరు. ఆ ఇంట్లో మిగిలిపోయిన మాట తీరు.

"ఆయనకి ఫోను చేస్తాను. ఆసుపత్రికి..."

"పొద్దున్న వాడు పనిలో ఉండగా ఫోను చేశాను, వచ్చి చూపించి తెచ్చాడు. బెణికింది, అంతే. నాలుగు రోజులు కాలు కింద పెట్టొద్దన్నారు." అడగాలో వద్దో తేలని మనిషిలా కదిలారు. "అమ్మా, ఒక్క పని చేసిపెడతావా? నిన్నటి నుంచి పైకి వెళ్ళలేకపోయాను. డాబా మీద తువ్వాలుంది. దాన్ని దులిపి మళ్ళీ ఆరేసి రావాలి. నీకు మోకాలు..."

"వెళ్తాను" అంది వెంటనే. తర్వాత, నెలలుగా గొంతులో ఇరుక్కున్నది దానంతట అదే బయటికి వచ్చింది. "ఆ తువ్వాలు... రోజూ మీరే ఆరేస్తున్నారా బావగారూ?"

"నేనే. మీ అక్క నాకు చివరిగా చెప్పిన పని అది."

బయట మిషను ఆగి ఉంది. ఆయన గొంతు స్పష్టంగా వినపడింది.

"ఆ పొద్దున్న మంచం దిగలేదు. నడుం పట్టేసినట్టుంది, కాసేపు పడుకుంటానంది. నేనిక్కడ కాయిల్ చుట్టుకుంటున్నా. లోపల్నుంచి కేకేసింది. బయట ఆ రోడ్డు పగలగొట్టేది, తెలుసుగా. గుమ్మం దాకా వెళ్ళా. 'డాబా మీద తువ్వాలు వేసెయ్యండి' అంది. ఇప్పుడు తువ్వాలేంటి అనుకున్నా. అయినా వెళ్ళా. చూస్తే వేసే ఉంది. ముందు రోజుది, తీయనేలేదు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఎలాగూ చెప్పింది కదా అని బాగా దులిపి, రెండు పక్కలా క్లిప్పులు పెట్టి గట్టిగా వేశా. కిందికొచ్చి వేశానన్నా. ఏదో అంది, వినపడలేదు. ఇలా చెయ్యి ఊపింది." ఆయన చెయ్యి అటూ ఇటూ ఊపి చూపించారు. "సరే అన్నట్టు. నేనొచ్చి మళ్ళీ పనిలో పడ్డా."

చిన్నకోడలు ఆ ఒక్క మాటే పట్టుకుంది.

వేసే ఉంది. అది అక్కకి తెలియదా? ముందు రోజు సాయంత్రమే ఒంట్లో బాగోక మెట్లెక్కలేకపోయింది. తువ్వాలు తీగ మీదే ఉండిపోయింది. అది నిన్నటి బాగు. ఇవాళ్టిది కాదు. ఉన్నదాన్ని వేసెయ్యమని ఎవరైనా చెబుతారా? కంచె వేసేస్తారంటే తను తీసేస్తారని విన్నట్టే ఆయన కూడా విన్నారు. తీసెయ్యండి అంది అక్క. డాబా మీద తువ్వాలు తీసెయ్యండి.

అక్క అబద్ధం చెప్పలేదు. రమ్మని పిలిచింది.

ఆ చెయ్యి ఊపడం సరే అని కాదు. కాదు, కాదు అని.

ఇన్నాళ్ళూ కావాలనుకున్నది తెలిసింది. తెలిసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చి ఉంటే ఏం చేసేది? బతికించేది కాదేమో. పక్కన కూర్చుని ఉండేది. చెయ్యి పట్టుకుని, మోయడానికే వచ్చానని ఏదో ఒకటి అని నవ్వించేది. ఆ పూట మొత్తం రేకుకి ఇవతల, సొట్టగిన్నెలో కూర కలుపుతూ గడిపింది.

"ఆవిడ ఎప్పుడూ నన్ను ఏ పనీ అడగలేదమ్మా" అంటున్నారు బావగారు. "అన్నీ తనే చేసుకునేది. ఆ ఒక్కటి అడిగింది. చేశాను. వేసెయ్యమన్నాక తీయడానికి మనసొప్పలేదు. రోజూ దులిపి వేస్తున్నా. అదే ఒక... అంతే."

ఆయన ముఖంలో ఏదో ఉంది. ఈ నెలలన్నింటిలోనూ ఆయన సరిగ్గా చేశానని నమ్ముతున్న పని అదొక్కటే.

"బావగారూ, అక్క ఆ రోజు..." అని నోరు తెరిచింది.

"ఏంటమ్మా?"

చిక్కుపడిన రాగితీగ ఆయన ఒళ్ళో ఉంది. సగం చుట్టిన మోటారు పక్కనే ఉంది. ఆమె మాట మింగింది. అది గొంతు దిగి, ఇక ఎప్పటికీ బయటికి రాని చోట కూర్చోవడం ఆమెకే తెలిసింది.

"...ఉతికి ఆరేయనా, ఉత్తినే దులపనా అని."

"దులిపితే చాలమ్మా. ఎండకే రంగు పోతోంది."

ఆమె రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించుకుంటూ పైకి వెళ్ళింది. అక్క పోయాక ఈ డాబా ఎక్కలేదు. ఇక్కడి నుంచి చూస్తే, గోతుల అవతల, రేకుల అవతల, తన డాబా అగ్గిపెట్టెలా ఉంది. దాని మీద చిలకపచ్చ చుక్క. ఇంత చిన్నదా? అక్క రోజూ చూసింది ఇంత చిన్న చుక్కనా? ఇంత చిన్న చుక్క కనపడకపోతేనా, కాలికో జత చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చింది?

తువ్వాలు దగ్గరికి వెళ్ళి ఒక క్లిప్పు తీసింది. రెండోది తీసింది. నెలలుగా ఉతకని గుడ్డ దుమ్ముతో అట్టలా బిగుసుకుపోయింది. క్లిప్పులు పట్టుకున్న చోట మాత్రం, లోపల దాచుకున్నట్టు, కొన్న రోజుటి నారింజరంగు ఉంది. పిట్టగోడ మీద దులపబోయి ఆగింది. చేతుల్లో మడత వేసింది. ఇంకో మడత వేసింది. క్లిప్పులు రెండూ ఖాళీ తీగకి పెట్టేసింది.

కాలు బాగుపడి ఆయన పైకి ఎక్కేనాటికి ఏం చెప్పాలో అప్పుడు చూసుకోవచ్చు. రేపు పొద్దున్న తన డాబా మీద నుంచి చూస్తే ఈ తీగ ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే రావాలి. రావడానికి ఉన్న దారి ఆ ఒక్కటే, మందుల షాపు చుట్టూ. ఎల్లుండి కూడా అంతే.

మడత పెట్టిన తువ్వాలు ఖాళీ క్యారేజీ సంచిలో అడుగున పెట్టుకుని, కొంగు బిగించి చుట్టుకుని, మెట్లు దిగింది. షాపులోకి వచ్చేసరికి బయట రాళ్ళు కోసే మిషను అందుకుంది. లోపలి గది అల్మారాలో గ్లాసులు కబుర్లు మొదలుపెట్టాయి. బావగారు తలెత్తి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగారు.

"వేసేశావా అమ్మా?"

"తీసేశాను బావగారూ" అంది చిన్నకోడలు. గొంతు పెంచలేదు.

ఆయన తృప్తిగా తలూపి, రాగితీగ కొస వెతుక్కుంటూ మళ్ళీ మోటారు మీదికి వంగారు.